పాలడబ్బా చేతిసంచిలో పెట్టుకో

చిరంజీవి చిట్టికి అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, పాపను తీసుకుని నువ్వొక్కదానివే భోగికి వస్తున్నావనీ, మీ ఆయనకి సెలవు దొరక్క పది రోజులు వెనక బయల్దేరతాడనీ చెప్పింది. ఎగిరి గంతేసే వయసు కాదు కాబట్టి పక్కింటావిడకి చెప్పొచ్చాను, ఆవిడ వాళ్ల కోడలికి చెప్పింది, ఈపాటికి వీధంతా తెలిసి ఉంటుంది. తీరా మంచమెక్కాక నిద్ర పట్టలేదు. జనవరి, చికాగో, ఏడు నెలల పిల్ల, మధ్యలో ఢిల్లీ. మూడింటికి లేచి లైటు వేసుకుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మీ తమ్ముడు దీన్ని ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపుతాడు. నా రాత అర్థం కాకపోతే వాడిని అడక్కు, వాడికి తెలుగు సరిగా చదవడం రాదు. నాకే ఫోన్ చెయ్యి.

పాపకి భోగిపళ్లు పొయ్యాలి, రమ్మని దసరా నుంచి నీ ప్రాణాలు తోడింది నేనే. అందుకని భయపడే హక్కు కూడా నాకే ఎక్కువ.

పాస్‌పోర్టులు, పాప ఓసీఐ కార్డు, డాక్టరు రాసిన జ్వరం మందు, ఛార్జర్లు. ఇవన్నీ నీకు తెలిసినవే. ఆఫీసులో అంతమందిని నడిపిస్తున్నదానివి, సర్దుకోవడం నేను నేర్పాలా?

టిక్కెట్టు మాత్రం ఒకసారి తీసి చూడు. చికాగో నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి గన్నవరానికి రెండూ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉన్నాయా? విడివిడిగా కొని ఉంటే, మంచు వల్ల మొదటిది ఆలస్యమైతే రెండోదాని డబ్బు పోయినట్టే. ఒకే టిక్కెట్టయితే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్లది. ఒళ్లో పిల్లే కదా అని పాపను మరచిపోకు. విమానం రద్దయి వేరే దాంట్లోకి మార్చినప్పుడు పెద్దవాళ్ల పేరు మారి, పిల్ల పేరు పాత దాంట్లోనే ఉండిపోవడం జరుగుతుందట. కొత్త టిక్కెట్టు చేతికి రాగానే అందులో పాప పేరుందా లేదా అని అడుగు. ఉయ్యాల తొట్టి సీటు కూడా మళ్లీ అడగాల్సిందే, అది దానంతట అది రాదు.

రద్దయిందని తెలిసిన నిమిషంలో అందరూ కౌంటరు ముందు లైను కడతారు. నువ్వూ నిలబడు, కాదనను. నిలబడే యాప్‌లో చూసుకో. కంపెనీకి ఫోన్ చేసే పని మీ ఆయనకి అప్పజెప్పు. ఆయన ఇంట్లో వెచ్చగా కూర్చుని ఉంటాడు, గంటసేపు ఆ సంగీతం వింటే పోయేదేమీ లేదు. స్ట్రోలర్‌ని విమానం తలుపు దగ్గర తీసేసుకుంటారు, రద్దయితే అది ఎప్పుడు తిరిగొస్తుందో చెప్పలేం. పాపను గుండెకి కట్టుకునే సంచి ఒంటి మీదే ఉంచుకో.

ఇప్పుడు అసలు సంగతి. కాఫీ పెట్టుకుని వచ్చి కూర్చున్నాను.

1996 జనవరి 7, ఆదివారం. నీకింకా నాలుగు నెలలు నిండలేదు. మీ నాన్నకి అమెరికాలో ఉద్యోగం అయిపోయింది. ఇల్లు ఖాళీ చేసి ఆయన తర్వాత వస్తాడు, ముందు నిన్నూ మీ అమ్మనూ నేను వెంటబెట్టుకుని రావాలి. నీ పురుటి కోసం స్కూలుకి జీతం లేని సెలవు పెట్టి వెళ్లానాయె, ఆ సెలవు కూడా అయిపోవచ్చింది. మంచు బాగా పడుతుందని టీవీలో చెబుతూనే ఉన్నారు. మీ నాన్న ఇంకో రోజు చూద్దామన్నాడు. టిక్కెట్టు డబ్బులు పోతాయని నేనే తొందరపెట్టాను. ఆయన మమ్మల్ని న్యూయార్క్ కెన్నెడీ ఎయిర్‌పోర్టులో దింపి, రోడ్లు మూసుకుపోకముందే వెనక్కి వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి అద్దాల అవతల ఏమీ కనిపించలేదు. చూస్తుండగానే బోర్డు మీద విమానాలన్నీ వరసగా రద్దయిపోయాయి. ఆ తుపానులో పక్కనున్న నెవార్క్‌లో 27 అంగుళాలు దాటి మంచు పడింది. న్యూయార్క్ స్కూళ్లు మంచు వల్ల మూతపడటం 1978 తర్వాత అదే మొదటిసారట. టీచర్ని కదా, ఆ ముక్క గుర్తుండిపోయింది.

సామాను సర్దింది నేను. మీ అమ్మకి జ్వరం తగిలి పాలు తగ్గిపోతే డాక్టరు డబ్బాపాలు రాసింది. ఆరు డబ్బాలు కొన్నాం. ఆ ఆరూ పెద్ద పెట్టెల్లో పెట్టాను. చేతిసంచిలో ఏం పెట్టానో తెలుసా? పగిలిపోతాయని కోరెల్ ప్లేట్లు. కరిగిపోతాయని చాక్లెట్లు. మీ పెద్దమ్మకి సెంటు సీసా. నీ కోసం ప్రయాణమెంతసేపో లెక్కగట్టి, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఇరవై చెంచాల పొడి. రెండు ఔన్సుల నీళ్లకి ఒక చెంచా. చక్కగా సరిపోతుందని నా లెక్క మీద నాకెంత గర్వమో.

పెట్టెలు లోపలికి వెళ్లిపోయాయి, ఇప్పుడు తీయడం కుదరదన్నారు. ఆదివారం రాత్రి తివాచీ మీద చీర పరిచి నిన్ను పడుకోబెట్టాను. మీ అమ్మ ఒళ్లు కాలిపోతోంది, గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. డబ్బా తెరిచి చూస్తే ఆరు చెంచాలే మిగిలాయి. తెల్లవారాక విమానం ఉంటుందో లేదో ఎవరికీ తెలియదు. అప్పుడు నేనొక పని చేశాను. నాలుగు ఔన్సుల నీళ్లకి రెండు చెంచాలు వెయ్యాల్సిన చోట ఒకటే వేశాను. ఇంటికి చుట్టాలొస్తే చారులో నీళ్లు పొయ్యడం ఆడవాళ్లకి అలవాటే కదా, అలాగే అనుకున్నాను. నువ్వు తాగేశావు. మళ్లీ ఒకటి, మళ్లీ ఒకటి. మూడు సీసాలు అలా పట్టాను. నువ్వు ఏడవలేదు. సీసా నోట్లో ఉండగానే నిద్రలోకి జారిపోయావు. ఎంత బుద్ధిమంతురాలో, అమ్మమ్మ కష్టం అర్థం చేసుకుంది అనుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం మీ అమ్మ లేచి నిన్ను ఎత్తుకుంది. నీ తల అటూ ఇటూ వేలాడింది. సీసా తీసి వెలుతురుకి పెట్టి చూసింది. "అమ్మా, ఇవి పాలా, కడుగునీళ్లా? ఎన్ని చెంచాలు వేశావు?" అంది.

"రెండే" అన్నాను.

అబద్ధమాడకూడదని పాతికేళ్లు పిల్లలకి పాఠాలు చెప్పిన దాన్ని.

మీ అమ్మ నా మొహం ఒకసారి చూసి ఇంకేమీ అడగలేదు. అంత జ్వరంలో చెప్పుల్లేకుండా కౌంటరు దగ్గరికి నడిచి వెళ్లింది. అది ఇంగ్లీషులో గొంతెత్తి మాట్లాడటం అంతకు ముందు నేను వినలేదు. అరగంట లోపల కలిపి ఉన్న పాల సీసాలు నాలుగు తెచ్చింది. పిల్లలతో చిక్కుకుపోయిన వాళ్ల కోసమని అక్కడ ఉంచారట. అడిగితే ఇచ్చేవాళ్లే. ఆ కౌంటరు ముందు నుంచి రాత్రంతా నేను నీళ్ల కోసం మూడుసార్లు తిరిగాను. నా ఇంగ్లీషు విని నవ్వుతారేమోనని అడగలేదు.

రెండు సీసాలు తాగాక సాయంత్రానికి నువ్వు గొంతు చించుకుని ఏడ్చావు. ఆ ఏడుపు ఎంత బాగుందో నీకెలా చెప్పను!

విజయవాడ వచ్చాక నీ టీకాల కోసం వెళ్లినప్పుడు, పిల్లల డాక్టరుగారు మా ముందున్న ఎవరో తల్లిని తిడుతున్నారు. డబ్బాపాలు పలచన చేస్తే పసిపిల్లల ఒంట్లో ఉప్పు శాతం పడిపోతుంది, మగతగా అయిపోతారు, మూర్ఛలు కూడా వస్తాయని. నేను వెనక కుర్చీలో కూర్చుని విన్నాను. ఆ కుర్చీలోంచి లేవడానికి చాలాసేపు పట్టింది.

అందుకని చిట్టీ, పాలు మూడు రోజులకి సరిపడా చేతిసంచిలోనే ఉండాలి. పొడితో పాటు కలిపి సీలు వేసిన సీసాలు కూడా కొన్ని పెట్టుకో, వాటికి నీళ్లు వెతుక్కోనక్కర్లేదు. సెక్యూరిటీ దగ్గర నీళ్లలాంటివాటికి పెట్టే 100 మిల్లీలీటర్ల లెక్క మనకే, పిల్లల పాలకి కాదు. ముందే చెప్పి విడిగా తీసి చూపించు. కలిపిన పాలు రెండు గంటలు దాటితే, తాగుతూ వదిలేస్తే గంటకే, పారబొయ్యి. ఖరీదైనవని దాచకు. డైపర్లు నువ్వనుకున్న దానికి రెట్టింపు. ఆ సంచి వీలైతే పైన అరలో కాకుండా నీ కాళ్ల దగ్గరే పెట్టుకో. రెక్కల మీద మంచు కరిగించే మందు కొట్టించుకోవడానికి విమానాలు బారులు తీరి గంటలకొద్దీ ఆగిపోతాయి, అప్పుడు లేచి పైనుంచి తీసుకోనివ్వరు. అమెరికాలో అలా ఆగితే రెండు గంటలకల్లా తిండీ నీళ్లూ ఇవ్వాలని రూలుంది. వేరే దేశానికి వెళ్లే విమానమైతే నాలుగు గంటల్లోగా దిగే అవకాశం ఇవ్వాలి. ఈలోగా పైలట్ల డ్యూటీ గంటలు అయిపోతే మంచు ఆగినా విమానం కదలదు. మీ ఆయన చెప్పిన సంగతే ఇది.

వాతావరణం వల్ల రద్దయితే అక్కడ హోటల్ గది ఇచ్చి తీరాలని లేదు. అయినా అడుగు, చంకలో పిల్లను పెట్టుకుని అడుగు. వాళ్లిచ్చే వేరే విమానం వద్దనుకుంటే, ఎలాంటి టిక్కెట్టయినా డబ్బు వెనక్కివ్వాలి. కూపన్ చేతిలో పెడితే వెంటనే తలూపకు. మన దేశంలోనూ రద్దయితే డబ్బో వేరే విమానమో మనమే ఎంచుకోవచ్చు. పొగమంచుకి నష్టపరిహారం రాదు గానీ, ఎదురుచూసినంతసేపూ టిఫినో భోజనమో పెట్టాలి.

ఢిల్లీలో పొగమంచు రాత్రి పడి తెల్లవారుజామున ముదురుతుంది, ఎండెక్కాక గానీ విచ్చదు. 50 మీటర్లు కనిపించినా దిగే ఏర్పాటు అక్కడుంది, కాకపోతే ఆ విమానానికీ ఆ పైలట్‌కీ కూడా దానికి తగ్గ అర్హత ఉండాలి. మన గన్నవరంలో ఆ ఏర్పాటు లేదు. పండగ రోజుల్లో పొద్దున్నే వచ్చిన విమానాలు పైన చక్కర్లు కొట్టి హైదరాబాద్ వెళ్లిపోవడం ఏటా పేపర్లో చూస్తున్నాను. కాబట్టి ఢిల్లీ నుంచి మధ్యాహ్నం విమానం తీసుకో. ఆరు గంటలు కూర్చోవాలా అని విసుక్కుంటావు. కూర్చో. ఇమిగ్రేషనూ పెట్టెలూ అన్నీ అయ్యేసరికి ఎలాగూ సగం గడిచిపోతుంది.

పాపకి చెవులు మూసేలా టోపీ పెట్టు. ఎయిర్‌పోర్టులో వేడిగానే ఉంటుందమ్మమ్మా అంటావు, సరే, లోపల తీసెయ్యి. కారు సీటులో మాత్రం మందపాటి కోటు మీద బెల్టు పెట్టకు, బెల్టు వదులైపోతుందట. కోటు విప్పి, బెల్టు పెట్టి, పైన దుప్పటి కప్పు.

ఇంకొకటి. అప్పుడు మీ తాతయ్య బేగంపేట ఎయిర్‌పోర్టుకి వచ్చి రెండు రోజులు బెంచీ మీదే కూర్చున్నారు. మేం న్యూయార్క్‌లో ఆగిపోయామని చెప్పే దారి లేక. మేం బయటికి వచ్చేసరికి గడ్డం మాసిపోయి ఉంది. నన్నొక్క మాట అనలేదు. నిన్ను తీసుకుని, "బరువు తగ్గిందేమే?" అన్నారు. నేను ట్రాలీ తోసుకుంటూ ముందుకి వెళ్లిపోయాను. ఇప్పుడు చేతిలో ఫోనుంది. రద్దయితే ముందు పాపకి పాలు పట్టు, తర్వాత నాకు మెసేజ్ పెట్టు. అర్ధరాత్రయినా ఫరవాలేదు, ఎలాగూ మెలకువగానే ఉంటాను.

భోగికి అందకపోతే అందకపో. మంచులో కారేసుకుని ఎయిర్‌పోర్టుకి పరుగెత్తకు, ఇంటి దగ్గరే ఉండిపో. రేగుపళ్లు నాలుగు శేర్లు చెప్పి ఉంచాను. చిల్లర నాణేలు డబ్బాలో పోగేశాను. చేమంతి రేకులు ఏ రోజైనా దొరుకుతాయి. నువ్వెప్పుడు దిగితే ఆ సాయంత్రమే పాపను పీట మీద కూర్చోబెట్టి పోస్తాను.

ఈ ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపిస్తానంటే వినిపించు. చెంచాల సంగతి రాసిన కాగితం మాత్రం పక్కన పెట్టు. దానికి తెలుసో తెలియదో ముప్పై ఏళ్లుగా అడగలేదు. నువ్వొచ్చాక, మీ ముగ్గురూ ఉండగా నేనే చెబుతాను.

ఇట్లు
మీ అమ్మమ్మ