కాన్‌రైల్ కోలుకున్నది ట్రాక్ వల్లేనా?

"అమెరికాలో పెన్ సెంట్రల్ లాంటి రైల్వేలు దివాలా తీశాక, వాటి స్థానంలో వచ్చిన కాన్‌రైల్ ఎలా లాభాల్లో పడింది? ట్రాక్ బాగుచేస్తే చాలా?" అని అడిగారు. చాలదు. అయితే అది చేయకపోతే మిగతా ఏ మందూ పనిచేయదు. మన రైల్వేలో ట్రాక్ విభాగంలో చేసి రిటైరైనవాణ్ని కాబట్టి అటునుంచే చెబుతాను.

పెన్ సెంట్రల్ 1970లో దివాలా తీసేనాటికే అక్కడ మరమ్మతులు ఏళ్ల తరబడి వాయిదా పడుతున్నాయి. పట్టాల కింద అడ్డంగా వేసే కొయ్య దిమ్మె, అంటే స్లీపర్, కుళ్ళితే అందులో మేకు నిలవదు. మేకు వదులైతే రెండు పట్టాల మధ్య దూరం పెరుగుతుంది. నిలబెట్టిన వ్యాగన్లు, అంటే కదలనైనా కదలనివి, పట్టాలు తప్పిన సందర్భాలు ఉన్నాయి! బయటివాళ్ళు నమ్మరు గానీ, లోడు బరువుకి పట్టా పక్కకి ఒరిగితే చక్రం కిందికి దిగిపోతుంది. అందుకే చాలాచోట్ల గంటకి 10 మైళ్ల వేగమే.

మా సెక్షన్‌లో ఒక్క కాషన్ ఆర్డర్ (ఇక్కడ నెమ్మదిగా వెళ్ళాలన్న ఆదేశం) పెడితేనే, బండ్ల రాకపోకలు చూసే కంట్రోల్ ఆఫీసు నుంచి ఫోన్ల మీద ఫోన్లు వచ్చేవి. ఆ నష్టం ఆ ఒక్క కిలోమీటరుతో పోదు మరి. వెనక బండ్లు ఆగుతాయి, డ్రైవర్ల డ్యూటీ గంటలు దారిలోనే అయిపోతాయి, ఖాళీ వ్యాగన్ తిరిగి రావడం ఆలస్యమవుతుంది. అంతే సరుకు మోయడానికి ఎక్కువ వ్యాగన్లు, ఎక్కువ ఇంజిన్లు కావాలి. విసిగిపోయిన వ్యాపారి లారీ మాట్లాడుకుంటాడు. ఆదాయం తగ్గగానే మళ్ళీ కోత పడేది ట్రాక్ బడ్జెట్‌కే.

1976 ఏప్రిల్ 1న ప్రభుత్వ డబ్బుతో కాన్‌రైల్ మొదలైంది. లక్షల స్లీపర్లు మార్చారు, అతుకుల పట్టాలు తీసి చాలాచోట్ల వెల్డింగ్ పట్టాలు వేశారు. నష్టాలు మాత్రం ఆగలేదు. రేటు మార్చాలన్నా, లైను మూయాలన్నా ప్రభుత్వ అనుమతి కోసం పడిగాపులే. 1980లో వచ్చిన స్టాగర్స్ చట్టం ఆ ముడి చాలావరకు విప్పింది. 1981లో స్టాన్లీ క్రేన్ పగ్గాలు చేపట్టాక దాదాపు 4,400 మైళ్ల లైన్లు వదిలేశారు. వాటి మీద నడిచే సరుకు మొత్తంలో 1 శాతమే. 1983లో లోకల్ ప్యాసింజర్ రైళ్ల బరువూ దిగిపోయింది. నన్నడిగితే ఈ కోత ముందే జరగాల్సింది, వదిలేసే లైన్లకి కొత్త స్లీపర్లు దేనికి?

1987లో ప్రభుత్వం తన వాటా షేర్లను జనానికి అమ్మింది. వచ్చింది 160 కోట్ల డాలర్ల పైచిలుకు. అంతకుముందు పెట్టింది సుమారు 700 కోట్లు.