కన్ను వాచిన పిట్ట ఫొటోలో కనబడినప్పుడు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీవు పంపిన ఫొటోలన్నింటినీ పెద్దవి చేసి చూశాను. పిట్టల కోసం గింజలు పోసి వేలాడదీసే ఫీడర్ అంచున కూర్చున్న ఆ మగ హౌస్ ఫించ్ (పిచ్చుకంత ఉండే అమెరికా పిట్ట) ఎడమ కన్ను వాచి, రెప్పల చుట్టూ ఈకలు తడిసి అతుక్కుని, పుసి కట్టి ఉంది. ఫొటోను బట్టి జబ్బును నిర్ధారించలేము గానీ, హౌస్ ఫించ్‌లో ఇటువంటి కన్ను కనబడితే ముందుగా అనుమానించవలసింది మైకోప్లాస్మా గాలిసెప్టికమ్ అనే బాక్టీరియా వల్ల వచ్చే కండ్లకలకనే. కాబట్టి మళ్లీ కెమెరా పట్టుకునే ముందు ఆ ఫీడర్‌ను కిందికి దించు.

కోళ్లకూ టర్కీ కోళ్లకూ శ్వాసకోశ వ్యాధి తెచ్చిపెట్టేదిగా పశువైద్యులకు చాలాకాలంగా తెలిసిన ఈ సూక్ష్మజీవి, 1994 తొలి నెలల్లో అమెరికా రాజధాని వాషింగ్టన్ పరిసరాల్లోని హౌస్ ఫించ్‌లలో బయటపడింది. ఈ పిట్టలు నిజానికి అమెరికా పశ్చిమ ప్రాంతానివి. 1940లో న్యూయార్క్‌లోని లాంగ్ ఐలాండ్‌లో వదిలిన కొద్దిపాటి పక్షుల సంతతే తూర్పు రాష్ట్రాలంతటా విస్తరించింది. జబ్బు కొన్నేళ్లలోనే ఆ తూర్పు భాగమంతా పాకి వాటి సంఖ్యను బాగా తగ్గించింది, తరువాత పశ్చిమానికీ చేరింది. గోల్డ్‌ఫించ్ వంటి బంధుజాతులకూ ఇది సోకుతుంది. జబ్బు నేరుగా చంపడం కంటే, చూపు పోయిన పిట్ట గింజ వెతుక్కోలేక ఆకలికో, పిల్లికో, డేగకో బలికావడమే ఎక్కువ.

ఫీడర్‌ను దించమనడానికి కారణం ఉంది. గొట్టంలాంటి ఫీడర్‌లో గింజ తీసుకోవాలంటే పిట్ట తలను రంధ్రంలోకి దూర్చాలి. జబ్బు కంటినుంచి కారిన స్రావం ఆ అంచుకు అంటుకుంటుంది, వెనుక వచ్చిన పిట్ట కన్ను సరిగ్గా అక్కడే తగులుతుంది. దురదకు కంటిని కొమ్మకూ ఫీడర్‌కూ రుద్దుకునే అలవాటు దీనికి తోడు. సుమారు రెండు వారాలు ఫీడర్ లేకుండా ఉంచితే గుంపు చెదిరిపోతుంది. పిట్టలు పస్తుంటాయని బాధపడకు, వాటికి ఫీడర్ ఒక్కటే ఆధారం కాదు. ఈలోగా దానిని విప్పి సబ్బునీటితో మురికి పోయేలా తోమి, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి అందులో పది నిమిషాలు నానబెట్టి, బాగా కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. చేతులకు తొడుగులు వేసుకో, వంటింటి సింకులో మాత్రం కడగవద్దు. కింద రాలిన గింజలూ రెట్టలూ ఊడ్చేయాలి, నీళ్ల తొట్టెనూ ఇలాగే శుభ్రం చేయాలి. ఈ జబ్బు మనుషులకు సోకినట్లు తెలియదు. అయినా చేతులు కడుక్కో, ఇరుగుపొరుగున కోళ్లు ఉంటే ఫీడర్ ముట్టుకున్న చేతులతో వాటి దగ్గరికి వెళ్లకు.

ఆ పిట్టకు మందు ఇవ్వవచ్చా అని అడిగావు. నీళ్లలోనో గింజల్లోనో యాంటీబయాటిక్ కలపవద్దు. ఏ పిట్ట ఎంత మింగిందో ఎవరికీ తెలియదు, పైగా కన్ను తేటపడిన పిట్ట కూడా బాక్టీరియాను మోస్తూ ఇతర పిట్టలకు అంటించవచ్చు. అమెరికాలో 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం ప్రకారం అనుమతి లేకుండా వీటిని పట్టి ఇంట్లో ఉంచుకోవడం నేరం. ఎగరలేని స్థితిలో దొరికితే లైసెన్సు ఉన్న వన్యప్రాణి సంరక్షకులకు ఫోన్ చేసి, వారు చెప్పినట్టు నడుచుకో.

ఇక ఫొటోల విషయం. పిట్టలకు కంటిమీద అడ్డంగా కదిలే మూడో రెప్ప ఒకటి ఉంటుంది. అది మూసుకున్న క్షణంలో తీసిన చిత్రంలో ఆరోగ్యంగా ఉన్న కన్ను కూడా పాలు కమ్మినట్టు కనిపిస్తుంది. అందుకని ఒకే చిత్రాన్ని నమ్మక, వరుసగా తీసినవాటిని పక్కపక్కన పెట్టి చూడు. తరచుగా మొదట ఒక కన్నే చెడుతుంది గనుక రెండు పక్కలా తీయాలి. రెప్ప మీద పులిపిరిలాంటి బుడిపె ఉంటే అది పక్షుల మశూచి కావచ్చు. 2021లో తూర్పు రాష్ట్రాల్లో బ్లూ జే, గ్రాకిల్ అనే పక్షుల పిల్లల కళ్లు వాచి పొక్కులు కట్టినప్పుడు నిపుణులు ఎన్ని పరీక్షలు చేసినా కారణం తేలలేదు. అందువల్ల చూసినదాన్ని చూసినట్టు రాయి, జబ్బు పేరును వారికే వదిలేయి.

జబ్బుపడ్డ పిట్ట ఈకలు ఉబ్బించుకుని, తక్కినవన్నీ ఎగిరిపోయినా కదలక కూర్చుంటుంది. అంత దగ్గరగా దొరికిందని ఇంకా ముందుకు వెళ్లాలనిపిస్తుంది, వెళ్లకూడదు. మిగిలిన కాస్త బలాన్ని అది మనకు భయపడి ఎగరడానికి ఖర్చు చేయకూడదు. పొడవైన లెన్స్‌తో దూరం నుంచే, ఫ్లాష్ లేకుండా రెండు మూడు చిత్రాలు తీసి వెనక్కి రా. ఆ కంటిని ఎడిటింగ్‌లో బాగుచేయవద్దు. అది కనబడడం కోసమే ఆ ఫొటో.

తేదీ, సమయం నమోదైన అసలు ఫైళ్లను దాచి, మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖకు పంపు. ఫీడర్ల దగ్గరికి వచ్చే పిట్టలను మామూలు జనమే లెక్కపెట్టి పంపే, నవంబరు నుంచి ఏప్రిల్ వరకు నడిచే ప్రాజెక్ట్ ఫీడర్‌వాచ్‌లో చేరితే అక్కడ కూడా జబ్బు పిట్టల వివరాలు నమోదు చేయవచ్చు. ఫీడర్ మళ్లీ వేలాడదీశాక కనీసం రెండు వారాలకొకసారి కడుగుతూ ఉండు, వచ్చిన ప్రతి ఫించ్ కళ్లనూ లెన్స్‌లోంచి చూడు, ఒక్కదానికి వాపు కనబడినా అదే రోజు మళ్లీ దించేయి.

ఇట్లు,
పెదనాన్న