పెరటి సాగు: వేసవి కూరగాయలకు ఇదే అదను

ప్రశ్న: మిద్దె మీద 20 లీటర్ల బకెట్లు ఆరు, పెద్ద టబ్బులు రెండు ఉన్నాయి. సంక్రాంతి వెళ్లాక ఏం విత్తుకోవచ్చు? టమాటా పెట్టాలని ఆశ. – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: టమాటా ఇప్పుడు వద్దండి. నారు పోసి, నాటి, పూతకొచ్చేసరికి ఏప్రిల్ అవుతుంది. పగలు 38, రాత్రి 25 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగా పనిచేయదు, పూత పూసినట్టే పూసి రాలిపోతుంది. బలం చాలలేదనుకుని చాలామంది ఎరువు మీద ఎరువు వేస్తారు. లోపం ఎరువులో కాదు, విత్తిన తేదీలో ఉంది.

బకెట్లలో బెండ, గోరుచిక్కుడు వేయండి. టబ్బుల్లో ఒకదాంట్లో బీర, ఒకదాంట్లో సొర. పాత తొట్లేమైనా ఉంటే తోటకూర చల్లుకోండి, నెల తిరక్కముందే కోతకొస్తుంది. మీ వైపు జనవరి రాత్రుళ్లు చలి ఉంటుంది కాబట్టి బీర, సొర గింజలు మొలవక కుళ్లిపోతాయి. నెలాఖరు దాకా ఆగి, ఫిబ్రవరి 15 లోపు విత్తడం ముగించండి. కోస్తా వాళ్లయితే పండగ వెళ్లిన వారానికే మొదలుపెట్టొచ్చు.

మట్టి కలిపేటప్పుడు తొందరపడకండి. ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు రెండు పాళ్లు, కొబ్బరి పొట్టు ఒక పాలు, బకెట్‌కు గుప్పెడు వేపపిండి. ఎరువును పిడికిట్లోకి తీసుకుని వాసన చూడండి. తొలకరి మట్టి వాసన వస్తే మాగినట్టు. పేడ వాసన వచ్చినా, చేతికి వెచ్చగా తగిలినా ఇంకా పచ్చిదే. అది వేస్తే వేడికి లేత వేళ్లు మాడతాయి, వేరుపురుగూ చేరుతుంది. కొబ్బరి పొట్టులో ఉప్పుంటుంది, రెండుసార్లు కడిగి పిండాకే కలపండి.

బెండ గింజల్ని రాత్రంతా నానబెట్టి, బకెట్‌కు మూడు చొప్పున 2 సెంటీమీటర్ల లోతున పెట్టండి. మొలిచాక బలమైన మొక్క ఒక్కటే ఉంచి, మిగతావి కత్తెరతో మొదలంటా కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. మార్చి రెండోవారం నుంచి మొదళ్లలో ఎండుటాకులు మూడు వేళ్ల మందాన పరచండి, పైన 50 శాతం నీడనిచ్చే ఆకుపచ్చ వల కట్టండి. నీళ్లు పొద్దున ఏడింటిలోపే.

ప్రశ్న: బీరతీగ నిండా పూలే. పిందె పడినా పసుపుబారి రాలిపోతోంది. – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మొదట్లో వచ్చేవి మగపూలే, కంగారు వద్దు. పువ్వు కింద చిటికెనవేలంత బీరకాయ కనిపిస్తే అది ఆడపువ్వు. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. ఆ వేళ మిద్దె మీదికి తేనెటీగలు రావు, అందుకే పిందె కట్టదు. విచ్చుకున్న మగపువ్వు తెంపి, రేకులు తుంచేసి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యభాగానికి మెల్లగా అద్దండి. వచ్చే పంటకు మొక్క రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడే లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ కలిపి పిచికారీ చేస్తే ఆడపూలు పెరుగుతాయి.

రాలిన పిందెను ఒకసారి కోసి చూడండి. లోపల తెల్లటి పురుగులుంటే అది పండు ఈగ పని. అలాంటి పిందెల్ని మొక్క మొదట్లో పడేయకండి, పురుగు ఆ మట్టిలోనే కోశస్థ దశకు (ఈగగా మారే ముందు దశ) వెళ్లి మళ్లీ ఈగై లేస్తుంది. కవర్లో కట్టి ఎండలో పెట్టండి. బూడిద తెగులు కనిపించినా సరే, బీర, సొర లాంటి పందిరి కూరగాయల మీద గంధకం మాత్రం చల్లకండి, ఆకులు మాడతాయి.

ప్రశ్న: బెండ ఆకుల ఈనెలు పసుపెక్కాయి. మందేమిటి? – ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఇది పల్లాకు తెగులు, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. సోకిన మొక్కకు మందు లేదు, ఈరోజే పీకేయండి. మిగతా మొక్కల దగ్గర జిగురు రాసిన పసుపు అట్టలు కట్టి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి ఆకుల అడుగున తడిసేలా కొట్టండి. ఎండ దిగాకే కొట్టాలి. ఈసారి తెగులును కొంతవరకు తట్టుకునే అర్కా అనామిక రకం గింజలు తెచ్చుకోండి.