‘గ్రాఫ్ట్’ అంటే లంచమా, కష్టమా?

సందేహం: మా అబ్బాయి మాంచెస్టర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ‘హార్డ్ గ్రాఫ్ట్’ చేశావని మేనేజరు అందరి ముందూ మెచ్చుకున్నాడట. ఇక్కడి ఇంగ్లీషు పేపర్లలో గ్రాఫ్ట్ అంటే లంచగొండితనం కదా! మంచి అర్థంలో అయితే తెలుగులో ‘గొడ్డుచాకిరీ’ అనవచ్చా? – ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: అమ్మా, మీ అబ్బాయికి దక్కింది మెప్పే, టెన్షన్ పడకండి. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో జనం నోట గ్రాఫ్ట్ అంటే ఒళ్ళు వంచి చేసే పని. పదవిని అడ్డం పెట్టుకుని తినడం అనేది అమెరికా అర్థం. మన ఇంగ్లీషు పత్రికల హెడ్డింగులు దాన్నే పట్టుకున్నాయి. న్యూయార్క్ నాయకుడు ప్లంకిట్ అయితే, పార్కు రాబోతోందని ముందే తెలుసుకుని ఆ చుట్టుపక్కల భూములు కొనడాన్ని ‘నిజాయితీ గల గ్రాఫ్ట్’ అన్నాడు. ఆయన మాటలు 1905లో పుస్తకంగానే వచ్చాయి. కడియం నర్సరీల్లో మామిడికి కట్టే అంటు కూడా గ్రాఫ్టే, కాలిన చోట డాక్టర్లు అతికే చర్మమూ గ్రాఫ్టే. ఇష్టపడ్డ మనిషి మనసు గెలవడానికి పడే పాట్లను కూడా బ్రిటన్ కుర్రకారు ఇదే మాటతో చెబుతున్నారు.

అంటు అనే అర్థం గ్రీకువాళ్ళ గంటం పేరు నుంచి వచ్చింది. అంటుపుల్లను గంటం మొనలా చెక్కుతారు కనుక. కష్టం అనే అర్థానికి మూలం వేరంటారు: ఒక్క పోటుకు పార దిగి మట్టి లేపేంత లోతును బ్రిటన్ పల్లెల్లో గ్రాఫ్ట్ అనేవారు. అంటే తవ్వకం. ఇది చదివినప్పుడల్లా నాకు పోతన పేర జనం నోట నిలిచిన చాటుపద్యం గుర్తొస్తుంది.

‘బాలరసాలసాల నవపల్లవ కోమల కావ్యకన్యకన్ గూళల కిచ్చి యప్పడుపుఁగూడు భుజించుటకంటె’ సత్కవులు హాలికులైతేనేం, అడవిలో కందమూలాల ‘కౌద్దాలికులైన నేమి’ అంటుంది ఆ పద్యం. లేత మామిడి చిగురులాంటి కావ్యకన్యను నీచులకు ఇచ్చి ఆ కూడు తినడం కన్నా, పొలం దున్నుకునో దుంపలు తవ్వుకునో బతకడం మేలని భావం. హలంతో దున్నేవాడు హాలికుడైనట్టే, కుద్దాలంతో తవ్వేవాడు కౌద్దాలికుడు. ఆ కుద్దాలమే మన గుద్దలి. పద్యం కట్టిన తీరు చూడండి. మూడో పాదం ‘కౌ’ దగ్గర ఆగి, నాలుగో పాదం ‘ద్దాలి’తో మొదలవుతుంది. బాల, గూళ, హాలి, దాలి అని ప్రాస కుదిరింది. పాదం విరుపులో ఆ మాటను రెండుగా చదివినప్పుడు నాకు గుద్దలి నేలలో దిగిన చప్పుడే వినిపిస్తుంది. ఇంగ్లీషువాళ్ళు ఒకే మాటలో ఇరికించిన రెండు బతుకులూ ఈ పద్యంలో విడివిడిగా నిలబడ్డాయి. అమ్ముకుని తినే పడుపుకూడు ఒక వైపు, ‘నిజదారసుతోదర పోషణార్థమై’, అంటే ఆలుబిడ్డల కడుపు నింపడానికి, పట్టిన గుద్దలి మరో వైపు.

ఇక గొడ్డుచాకిరీ. చాకర్ అంటే పారశీకంలో నౌకరు. చాకిరీ అన్నామంటే వెనక ఒక దొర ఉన్నట్టే. తెలంగాణ పల్లెలు మోసిన వెట్టిచాకిరీని తలుచుకుంటే ఆ మాటను మెప్పుకు వాడబుద్ధి కాదు. గొడ్డుచాకిరీ చేశానని ఎవరికి వారు విసిగి చెప్పుకోవచ్చు. ఎదుటివాణ్ణి ‘బాగా గొడ్డుచాకిరీ చేశావోయ్’ అని మెచ్చుకుంటే అది తిట్టే.

మరి ఏమనాలి? ‘హార్డ్‌వర్క్ చేశాం’, ‘ఎఫర్ట్స్ పెట్టాం’ అని ఈమధ్య మైకు పట్టిన ప్రతివారూ అంటున్నారు. ఎఫర్ట్స్ ఎక్కడ పెట్టారు నాయనా, అటక మీదా? కష్టపడ్డాం, చెమటోడ్చాం, పాటుపడ్డాం అనే మాటలు ఏం పాపం చేశాయి? ‘రెక్కల కష్టం’ నాకు అన్నిటికన్నా ఇష్టం. అయితే కుర్చీలో కూర్చుని కంప్యూటర్ ముందు చేసే పనికి అది నప్పుతుందా అంటే గట్టిగా చెప్పలేను. వేళ్ళూ కళ్ళూ కూడా అరుగుతాయి కనుక తప్పనను. ప్రస్తుతానికి మేనేజరు మాటను ‘బాగా కష్టపడ్డావు’ అని తెలుగు చేసుకోండి, సరిపోతుంది.