20 వేల క్యాష్‌బ్యాక్ చూసి ఆరేళ్ల వాయిదాలు మరచిపోయారు

ప్రశ్న: మాది కావలి. ప్రైవేటు జూనియర్ కళాశాలలో అధ్యాపకుడిని. వేసవిలో సగం జీతమే వస్తుంది. గృహరుణం ఇంకా 24 లక్షలుంది. 9.1 శాతం వడ్డీతో మరో 14 ఏళ్లు కట్టాలి. ఒక సంస్థ 8.65 శాతానికి మార్చుకుంటే 20 వేల క్యాష్‌బ్యాక్ ఇస్తానంటోంది. ఒక బ్యాంకు 8.4 శాతానికే ఇస్తానంది, క్యాష్‌బ్యాక్ లేదు. రెండుచోట్లా వ్యవధి 20 ఏళ్లు, పైగా అదే ఇంటిపై 5 లక్షల అదనపు రుణం (టాప్‌అప్). అయినా వాయిదా ఇప్పటిలాగే 25 వేల చిల్లరే. ఆ 5 లక్షలు మా బావమరిది రొయ్యల చెరువులో పెడదామని ఉంది. ఇంటి ఖర్చు నెలకు 30 వేలు, ఇప్పటిదాకా దాచిన పొదుపు మొత్తం 40 వేలు. ఏది మేలు?

జవాబు: వాయిదా పెరగదన్న మాట దగ్గరే చాలామంది బోల్తా పడుతున్నారు. ఇప్పుడున్న రుణానికి మీరు ఇంకా కట్టాల్సింది మొత్తం సుమారు 42.5 లక్షలు. 8.4 శాతానికే 29 లక్షలు తీసుకుని 20 ఏళ్లు కడితే దాదాపు 60 లక్షలు. చేతికొచ్చే 5 లక్షల కోసం 17 లక్షలు అదనంగా కడతారన్నమాట. అదీ ఇల్లు తాకట్టు పెట్టి, వనామీ రొయ్యల చెరువు కోసం! తెల్లమచ్చ తెగులు తగిలితే వారం పది రోజుల్లో చెరువు ఖాళీ అవుతుందని మీ బావమరిదికి నేను చెప్పనక్కరలేదు. 2025 ఆగస్టులో మన ఎగుమతులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరాక మన తీరంలో రైతులు పడ్డ పాట్లూ ఆయన చూసే ఉంటారు. టాప్‌అప్ వద్దు.

మారాలనుకుంటే 8.4 శాతానికే మారండి, 14 ఏళ్లకే రాయించుకోండి. వాయిదా 24,340 అవుతుంది. 8.65 శాతమైతే నెలకు మరో 346 రూపాయలు. 14 ఏళ్లలో అది 58 వేలు దాటుతుంది, 20 వేలు ఏ మూలకు? పైగా ప్రాసెసింగ్ ఫీజు, దానిపై జీఎస్టీ, తనఖా రిజిస్ట్రేషన్ ఖర్చు ఉండనే ఉన్నాయి. ముందుగా మీ ఇప్పటి బ్యాంకునే వడ్డీ తగ్గించమని రాతపూర్వకంగా అడగండి.

నన్ను కలవరపెడుతున్నది ఆ 40 వేలు. వాయిదా, ఇంటి ఖర్చు కలిపితే నెలకు 54 వేలు. మీ పొదుపు ఒక్క నెలకు కూడా చాలదు. జీతం సగమయ్యే వేసవి మాత్రం ఏటా తప్పదు. ఆ నెలల్లో ఎవరికైనా ఆసుపత్రి ఖర్చు పడితే బంగారం కుదువ పెడతారు, లేదా నూటికి మూడు రూపాయల వడ్డీకి చేయి చాస్తారు. ఆరు నెలల ఖర్చు, అంటే 3.25 లక్షలు, పక్కన ఉండి తీరాలి. దాన్ని కూడా టాప్‌అప్‌తో నింపుదామనుకోకండి. వడ్డీ తగ్గి మిగిలే 975 రూపాయలకు మీరు మరో నాలుగు వేలు కలిపి, జీతం పడిన రోజే రికరింగ్ డిపాజిట్‌కు వెళ్లేలా చేయండి. టర్మ్ పాలసీ (మరణిస్తే కుటుంబానికి సొమ్మిచ్చే జీవిత బీమా) లేకపోతే రుణానికి తగ్గకుండా ఒకటి తీసుకోండి.

ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ అయితే పాత బ్యాంకు ముందస్తు చెల్లింపు రుసుము అడగకూడదు. రుణం తీరాక 30 రోజుల్లో అసలు పత్రాలివ్వాలి. తన వల్ల జాప్యం జరిగితే రోజుకు 5,000 రూపాయల పరిహారం చెల్లించాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన.