ఇంట్లోనే ఉంటున్నా ఖర్చెందుకు తగ్గదు?

ప్రశ్న: అక్కా, నాది సీజన్ పని. ఏడు నెలలు ఊపిరాడదు, ఐదు నెలలు ఇంట్లోనే. దారి ఖర్చులు, బయటి తిండి ఉండవు కాబట్టి ఆ ఐదు నెలలూ తక్కువలో గడవాలి కదా? గడవడం లేదు. మూడో నెలకే చేబదుళ్లు మొదలు. నాకింకా ముప్పయ్యేళ్లు నిండలేదు, చెడు అలవాట్లు లేవు. "నువ్వింట్లో ఉంటేనే ఖర్చెక్కువ" అంటుంది మా ఆవిడ. నిజమేనా?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: నిజమే తమ్ముడూ. నీకంటే చాలా పెద్దదాన్ని, పైగా పంతొమ్మిదేళ్లు నేనూ సీజన్ పనే చేశాను. నువ్వంటున్నానని ఏమీ అనుకోకు.

ముందు నీ లెక్కలో తప్పు చెప్తాను. ఐదు నెలలు ఖాళీ అన్నావు. ఆఖరి జీతం చేతికొచ్చిన రోజు నుంచి మళ్లీ మొదటి జీతం అందుకునే రోజు దాకా వేళ్లు మడిచి చూడు. నెల జీతమైతే ఆరు నెలలు! పనిలో చేరిన నెల కూడా పాత డబ్బుతోనే నడవాలి. ఇది నా బుర్రకెక్కడానికి మూడు సీజన్లు పట్టింది. ప్రతిసారీ చేరిన వారానికే తలొంచుకుని అడ్వాన్స్ అడిగేదాన్ని. అందుకని ఉన్నదాంట్లోంచి అద్దె, వాయిదాలు, మళ్లీ పనికెళ్లే దారి ఖర్చు ముందే తీసేసి, మిగిలింది 26 వాటాలు చెయ్యి. వారానికొకటి. నెల వాటా అయితే మొదటి పది రోజులు దర్జా, తర్వాత దిగులు. వారం వాటాలో తప్పు గురువారానికే తెలిసిపోతుంది, మూడు రోజులు ఎలాగో ఓర్చుకోవచ్చు. వచ్చే సీజన్‌కి ఇంకో మాట: ఏడు జీతాలు పన్నెండు నెలలకు పంచితే నెలకొచ్చేది జీతంలో 58 శాతమే. చూస్తే కడుపులో తిప్పుతుంది గానీ, నీ అసలు జీతం అది.

ఇప్పుడు మీ ఆవిడ మాటకొద్దాం. మనిషి పగలంతా ఇంట్లో ఉంటే ఫ్యాను తిరుగుతుంది, పొయ్యి నాలుగుసార్లు ఎక్కువ వెలుగుతుంది. బల్బు ఆర్పమని ఇంట్లో గొడవలు పడుతుంటాం చూడు, అది దండగ గొడవ. 1500 వాట్ల హీటరు అరగంట వేస్తే ముప్పావు యూనిట్ అవుతుంది. 75 వాట్ల ఫ్యాను పది గంటలు తిరిగినా అంతే. అదే 9 వాట్ల ఎల్ఈడీ బల్బయితే 80 గంటలు దాటి వెలుగుతుంది. వేడి పుట్టించే వస్తువులే మీటరు తిప్పేది. స్నానం నీళ్ల మీద కన్నేస్తే చాలు, బల్బు జోలికి పోకు.

పొయ్యి దగ్గరా అదే సూత్రం. గిన్నె కుతకుతలాడుతుంటే త్వరగా ఉడుకుతుందనుకుంటాం. తెర్లడం మొదలయ్యాక ఎంత మంట పెట్టినా మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీలు దాటవు. మిగతా మంటంతా ఆవిరికే పోతుంది. లీటరు చన్నీళ్లు మరగడానికి పట్టే వేడికి సుమారు ఏడింతలు కావాలి, ఆ లీటరు పూర్తిగా ఆవిరవడానికి! మూత పెట్టి మంట తగ్గించు.

నీ దగ్గర ఇప్పుడు డబ్బు లేదు గానీ టైముంది కదా. పప్పులు, గింజలు రాత్రే నానబెట్టు. పొద్దున మూతపెట్టి పది నిమిషాలు బాగా తెర్లనిచ్చి దించెయ్యి. వెంటనే పాత దుప్పటి రెండు మడతలేసి గిన్నెను పసిపిల్లాడిలా చుట్టి ఒక పెట్టెలో కూర్చోబెట్టు. రెండు మూడు గంటల్లో తన సెగకి తనే ఉడుకుతుంది. నేను మొదటిసారి చేసినప్పుడు ఆత్రం కొద్దీ అరగంటకోసారి మూత తీసి చూశాను, ఏమీ ఉడకలేదు. తియ్యకూడదు. గిన్నె నిండుగా ఉండాలి, తినేముందు మళ్లీ ఒకసారి మరిగించాలి. చల్లారి 60 డిగ్రీల కిందకి దిగితే క్రిములు పెరుగుతాయి. రాజ్మాకి మాత్రం ఈ పద్ధతి వద్దు. అందులో ఒక విషపదార్థం ఉంటుంది. నానిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట పొయ్యి మీదే తెర్లితే గానీ అది పోదు.

చవగ్గా వస్తుందని సరుకులు మూటలకొద్దీ కొనకు. నేను కొన్నాను. సగం పురుగులు తిన్నాయి.

పాత బట్టల సంగతి కూడా చెప్తాను, నాకిష్టమైన పని కాబట్టి. చొక్కా ముందు చెడేది మెడ మడత దగ్గర, గడ్డం రాసుకునేచోట. అక్కడ పోగులు లేచాయని చొక్కా మొత్తం తీసి పారేస్తాం. కాలరు పట్టీకి అతికిన కుట్టును బ్లేడుతో ఒక్కొక్కటే విప్పు. పట్టీ మధ్యలో, కాలరు మధ్యలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. కాలరు ఊడొచ్చాక తిరగేస్తే అరిగిన వైపు లోపలికి పోయి, ఎండ తగలని కొత్త వైపు పైకొస్తుంది. గుర్తుకు గుర్తు కలిపి, పిన్నులు పెట్టి, పాత కుట్టు రంధ్రాల వెంటే కుట్టుకుపో. చేత్తో అయితే నాకు గంటన్నర పట్టేది. రంగు కాస్త తేడా కనబడుతుంది, ఎవరూ పట్టించుకోరు.

వారం వాటాల డబ్బు, దారి ఖర్చు వేరే కవర్లలో పెట్టి మీ ఆవిడ చేతికివ్వు. ఆవిడ లెక్క నీ లెక్క కంటే నయమని ఉత్తరంలోనే తెలిసిపోతోంది. ఈ సంచిక ఆవిడ కంటబడేలోగా ఒక కాలరైనా తిరగేసి కుట్టిపెట్టు, లేకపోతే నాకు ఇంకో ఉత్తరం ఆవిడ దగ్గర్నుంచి వస్తుంది.