విజయనగరం, శ్రీకాకుళం కళాకారులకు అన్నం ఎవరు పెట్టారు?

"విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన గొప్ప ప్రదర్శన కళాకారులెవరు? వాళ్ళ బతుకులు ఎలా నడిచాయి?" అని అడిగారు. నేను బడిపంతుల్ని. సెలవుల్లో, పండగల్లో ఒక హరికథ భాగవతార్‌గారి వెనక మృదంగం వాయించేవాణ్ణి. చీపురుపల్లి, గరివిడి, రాజాం చుట్టుపక్కల ఊళ్ళన్నీ అలా తిరిగినవే. అందుకే ఏ కళాకారుడి పేరు విన్నా నాకు ముందు బిరుదులు గుర్తురావు, ఈయనకి అన్నం ఎవరు పెట్టారు అన్న ప్రశ్నే వస్తుంది. ఈ జవాబంతా దాని చుట్టూనే ఉంటుంది.

ముందే ఒక మాట. 2022లో జిల్లాలు విడగొట్టాక నేను చెప్పబోయే వాళ్ళలో కొందరి సొంతూళ్ళు పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయాయి. నేను పాత లెక్కలోనే చెబుతున్నాను, మన్యం వాళ్ళు ఏమీ అనుకోకండి.

మొదటి పేరు ఆదిభట్ల నారాయణదాసుగారిదే. 1864లో అజ్జాడలో పుట్టారు. మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడు అనే భాగవతార్ కథ విని, ఇది నేనూ చెప్పగలననుకుని, 1883లో ధ్రువచరిత్ర తానే రాసుకుని విజయనగరంలో చెప్పేశారు. అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. తర్వాత విజయనగరం మహారాజు ఆనంద గజపతి ఆస్థానంలో చేరారు. రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, ఈ ఐదింటితో ఐదు వేర్వేరు తాళాలు వేసేవారని చెప్పుకుంటారు. చదివేవాళ్ళకి ఇది పొగడ్తలా ఉంటుంది. పక్కన మృదంగం పట్టుకుని కూర్చున్నవాణ్ణి అడిగితే తెలుస్తుంది అదెంత పనో! హరికథలో చిరతలు చేతిలో ఒక నడక నడుస్తుంటాయి, కాలి గజ్జె ఇంకోటి చెబుతుంది, నోరు మధ్యలో కీర్తన ఆపి వచనంలోకి దూకేస్తుంది. మాలాంటి వాళ్ళం కథకుడి ముఖం చూస్తూ కూర్చుంటే తాళం తప్పినట్టే. పాదం వంక చూడాలి, మడమ లేచిందంటే ముక్తాయింపు, అంటే తాళం ముగింపు దెబ్బలు, వస్తోందని అర్థం. మా భాగవతార్‌గారు అలిసిపోయిన రాత్రి కూడా ఆ మడమ అబద్ధం చెప్పేది కాదు.

దాసుగారి చదువు చూస్తే ఇంకా ఆశ్చర్యం. ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారసీ మూలం నుంచి, ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషు నుంచి విడివిడిగా తీసుకుని సంస్కృతంలోకి, అచ్చతెలుగులోకి తెచ్చారు. రాజాశ్రయం లేకపోతే ఇంత తీరిక దొరికేదా అని నాకు అనుమానమే. ఊరూరా కథలు చెప్పుకునేవాడికి పొద్దున్న లేచేసరికి తరవాతి ఊరి బస్సు గొడవే సరిపోతుంది. మా కాలానికి కోట లేదు, ఊరి ఉత్సవ కమిటీ ఉంది. కథ సగంలో హారతి పళ్ళెం తిరుగుతుంది, చిల్లర కమిటీవాళ్ళు లెక్కపెడతారు, మిగతాది "రేపు చూద్దాం". ఒకసారి పందిట్లో మైకు సెట్టు కుర్రాడు డబ్బుల కోసం గొడవపడుతుంటే మా భాగవతార్‌గారే కమిటీ పెద్దతో అన్నారు: "ముందు ఆడికిచ్చీండి బావూ. మాకు రేపిచ్చినా పరవానేదు, ఆడు తీగలు చుట్టేస్తే కత ఇక్కడే ఆగిపోద్ది." ఇచ్చారు. మాది మాత్రం రేపటికే పోయింది.

తర్వాత చెప్పాల్సింది సంగీత కళాశాల గురించి. కోటలో పనిచేసే ఒక ఉద్యోగికి చూపు లేని కొడుకు ఉన్నాడని, వాడి సంగీతం చదువు కోసమే మహారాజు విజయరామ గజపతి 1919లో దాన్ని పెట్టించారని చెబుతారు. మొదటి ప్రిన్సిపాల్ దాసుగారే. అదే ఏడాది ద్వారం వెంకటస్వామి నాయుడు విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వయొలిన్ విని పాఠం చెప్పే ఉద్యోగమే ఇచ్చారు. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు దాటాయంతే. 1936లో దాసుగారి తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. వయొలిన్ అంటే గాత్రం వెనక ఉండే వాద్యమనుకునే రోజుల్లో, 1938లో వెల్లూరులో వయొలిన్ ఒక్కటే పెట్టి కచేరీ చేశారు. పక్కవాద్యం వాయించినవాడిగా ఈ సంగతి నాకు ఎంత నచ్చుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఘంటసాల చదివింది కూడా అక్కడే. ఆయనది కృష్ణా జిల్లా చౌటపల్లి. చేతిలో పైసా లేకుండా విజయనగరం వచ్చారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు డబ్బు తీసుకోకుండా విద్య చెప్పారు గానీ, తిండి పెట్టే స్తోమత ఆయనకీ లేదు. అందుకని ఘంటసాల జోలె కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకున్నారు. ఈ కథ చెప్పినప్పుడు అందరూ శిష్యుడి పట్టుదలనే మెచ్చుకుంటారు. నేనైతే జోలెలో ఒక ముద్ద వేసిన ఆ గడపలకీ సగం వాటా ఇస్తాను.

కోట మీద ఆధారపడకుండా టిక్కెట్టు మీద బతికినవాడు కోడి రామ్మూర్తి నాయుడు. వీరఘట్టం మనిషి, పెరిగింది విజయనగరంలో. వ్యాయామం నేర్పే ఉద్యోగం చేసి, తర్వాత పొట్టి పంతులు అనే ఆయన సాయంతో సర్కస్ పెట్టారు. ఛాతీకి ఇనప గొలుసు బిగించుకుని ఊపిరి పీల్చి తెంపేయడం, రొమ్ము మీద ఏనుగుని ఎక్కించుకోవడం, కదిలే కారుని పట్టి ఆపేయడం ఆయన ఐటమ్స్. కలియుగ భీముడు అన్నారు. కానీ సర్కసంటే ఏనుగుకీ మేత వెయ్యాలి, కళాకారులకీ జీతాలివ్వాలి, డేరాలు మోయించడానికీ డబ్బు కట్టాలి, పైగా ఆయనది దానాలు చేసే చెయ్యి. చివర్లో కాలు పోగొట్టుకుని, 1942లో ఒడిశాలోని బలంగీర్‌లో పోయారు. ఇప్పుడు శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరుంది. అక్కడ వాకింగ్ చేసే కుర్రాళ్ళని ఎప్పుడైనా అడిగి చూడండి ఎవరో తెలుసా అని.

మూడో రకం, జీతం మీద బతుకుతూ కళని నడిపించినవాళ్ళు. కన్యాశుల్కం మొదట ఆడింది 1892లో విజయనగరంలోనే. ఆ నాటకాన్ని తర్వాత దశాబ్దాల పాటు ఊరూరా తిప్పింది శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారం అన్నదమ్ములు జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి. తమ్ముడు గిరీశం, అన్న రామప్పపంతులు. సోమయాజులుగారు డిప్యూటీ కలెక్టరు. శంకరాభరణం వచ్చింది 1980లో, అంటే ఆయనకి యాభై దాటాక. నెల జీతం లేకపోతే అన్నాళ్ళు నాటకాన్ని పట్టుకుని వేలాడగలిగేవారా? పార్వతీపురం దగ్గర పెదబొండపల్లికి చెందిన ప్రజాగాయకుడు వంగపండు ప్రసాదరావుదీ ఇలాంటి లెక్కే, విశాఖ షిప్‌యార్డులో ఫిట్టర్. 1972లో జననాట్యమండలి అనే విప్లవ కళాబృందం పుట్టినప్పుడు ముందున్నవాళ్ళలో ఆయనొకరు. కాలికి గజ్జె, నోట మన ఉత్తరాంధ్ర యాస, ఇంకేం అక్కర్లేదు ఆయనకి. 2020 ఆగస్టులో పోయారు.

ఇక పేర్లు తెలియని వాళ్ళు. తప్పెటగుళ్ళ వాళ్ళు ఎక్కువమంది గొర్రెలు కాసుకునేవాళ్ళే. రొమ్ముకి గుండ్రటి రేకు తప్పెట కట్టుకుని, రెండు చేతులతో వాయిస్తూ, గజ్జెల కాళ్ళతో ఎగురుతూ పాడతారు. ఒకడి భుజాలెక్కి ఇంకొకడు నిలబడ్డా వాయింపు ఆగదు. అరగంట చూడండి, వాయించే మనిషి రొమ్ము మీద తప్పెట అంచు ఒరుసుకుని ఎర్రటి చార కనబడుతుంది. వాళ్ళకి ప్రోగ్రాం లేని రోజు మంద ఉంటుంది. కళ మీదే బతకాలన్న టెన్షన్ లేకపోవడం వల్లే అది ఇన్నాళ్ళు నిలిచిందని నా అభిప్రాయం. మా హరికథవాళ్ళకి ఆ మంద కూడా లేకపోయింది.

చూడాలనుంటే దసరా తర్వాత మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవానికి విజయనగరం రండి. ఆ రోజుల్లో తప్పెటగుళ్ళ బృందాలు ఊళ్ళోకి వస్తాయి. స్టేజీ మీద ఇచ్చే కాస్త టైముతో సరిపెట్టుకోకుండా, వీధిలో ఆడేటప్పుడు చూడండి. ఆట అయ్యాక చేతిలో పెట్టే డబ్బులేవో నేరుగా వాళ్ళ పెద్దకే ఇవ్వండి.